శుభలేఖ: దాని వ్రాతయు, కాగితపు పనియు

వైశాఖ జ్యేష్ఠ మాసములు వచ్చినవనగా మన నెల్లూరి సముద్రతీరపు గ్రామములలో పెండ్లి పందిళ్లు లేచును. మైపాడు మొదలుకొని కృష్ణపట్టణము వఱకు ఏ యూరికి బోయినను తాటియాకు పందిళ్లును, మామిడి తోరణములును, సన్నాయి మ్రోతయు మనలను పలుకరించును. ఆ యుత్సవమునకు నెల దినములు ముందుగనే యిల్లిల్లు తిరిగి, రాబోవు సంతోషమును చెప్పివచ్చు చిన్న దూత యొకటి కలదు. అదియే శుభలేఖ.

విద్యార్థులారా! మీలో ననేకులు అక్క పెండ్లికో, అన్న పెండ్లికో శుభలేఖల యంచులకు పసుపు పూసియుందురు. కవరులపై చిరునామాలు వ్రాసియుందురు. చదువుకొన్న బాలుడో బాలికయో యింటనున్నచో ఆ పని వారిమీదనే పడుట మన యిండ్లలో వాడుక. కావున దానిని చక్కగా చేయు విధము తెలిసికొనుట మీకు మిక్కిలి ప్రయోజనకరము. ఈ పాఠములో ముఖ్యముగా చెప్పదలచిన సంగతి యొక్కటియే: శుభలేఖ మొదట లేఖ, అలంకారము పిమ్మట. చదివినవారికి సరియైన సంగతి తెలుపని శుభలేఖ యెంత తళతళలాడినను వ్యర్థము. సంగతి సరిగా తెలిపిన శుభలేఖ తెల్లకాగితముమీద నున్నను శోభించును.

1. ఆకునుండి అచ్చుకాగితము వఱకు

మన మాటలలోనే యీ కథ దాగియున్నది. 'పత్రము' అనగా ఆకు. దానినుండియే 'పత్రిక' యను మాట పుట్టినది. 'కమ్మ' యను తెలుగు మాటకు తాటియాకనియు, జాబనియు రెండర్థములు కలవు. 'కాగితము' అను మాట మాత్రము పారసీక భాషనుండి మనకు వచ్చినది. వస్తువు దూరదేశమునుండి వచ్చినపుడు పేరును దానితోనే వచ్చుట లోకసహజము గదా!

కాగితము వ్యాపింపక పూర్వము మన పెద్దలు తాటియాకులను కోసి, నీట నుడికించి, నీడ నారబెట్టి, నునుపుచేసి, ఉక్కు గంటముతో వానిపై వ్రాసెడివారు. గంటము గీసిన గీతలు కంటికి స్పష్టముగా కనబడవు గనుక, మసియో ఆకుపసరో పూసి తుడిచెడివారు. గీతలలో నిలిచిన నలుపు అక్షరమై కనబడెడిది. ఆకు పోగువెంట అడ్డుగీత బలముగా గీసినచో ఆకు చీలును. తెలుగక్షరములు గుండ్రదనము పొందుటకు ఇదియు నొక కారణమని పండితులు చెప్పుదురు.

తెలుగక్షరములు అచ్చుయంత్రమున కెక్కినది మొదట మన దేశమున కాదు. 1746వ సంవత్సరమున జర్మనీ దేశపు హాలే నగరములో, మిషనరీయగు బెంజమిన్ షుల్జ్ గారి పూనికవలన తెలుగు పుస్తకము ముద్రింపబడెను. నూఱేండ్ల పిమ్మట, 1854లో, మన మండలమునకు చెందిన వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు చెన్నపట్టణమున ముద్రణాలయమును స్థాపించిరి. 1885లో పూండ్ల రామకృష్ణయ్య గారు నెల్లూరినుండి 'అముద్రిత గ్రంథ చింతామణి' యను పత్రికను వెలువరింప నారంభించిరి. ఇట్లు అచ్చు మన యూరికి చేరువయ్యెను. పుస్తకములు వేసిన యంత్రములే శుభలేఖలను గూడ వేయసాగెను. అంతకుముందే, 1879లో, పావు అణా వెలగల పోస్టుకార్డు మన దేశమున ప్రవేశించియుండెను. దూరపు బంధువునకు శుభవార్త తెలుపుట పేదవానికిని సాధ్యమయ్యెను.

ఇచ్చట నొక భేదమును గుర్తెఱుగవలెను. లగ్నపత్రిక వేఱు, శుభలేఖ వేఱు. వధూవరుల పేరులును, ముహూర్తమును నిశ్చయించి, పురోహితుడు వ్రాయగా ఉభయ పక్షములవారును పుచ్చుకొనునది లగ్నపత్రిక. ఆ నిశ్చయమును బంధుమిత్రులకు తెలిపి వారిని పిలుచునది శుభలేఖ. మొదటిది ఒడంబడిక, రెండవది ఆహ్వానము. మొదటిది సిద్ధమగు వఱకు రెండవది అచ్చునకు పోరాదు.

2. శుభలేఖలో నుండవలసినవి

మతములనుబట్టి శుభలేఖ మొగము మాఱుచుండును. హిందువుల శుభలేఖ శిరోభాగమున దేవతా ప్రార్థనయు, 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అను మాటలును ఉండును. క్రైస్తవుల శుభలేఖపై బైబిలు వాక్యమును, దేవాలయము పేరును, ఆరాధన వేళయు నుండును. ముస్లిముల ఆహ్వానము ఉరుదూలోను తెలుగులోను అచ్చుపడి, నికా, వలీమా విందు, రెంటి వేళలను తెలుపును. మొగ మెట్లున్నను లోపలి సంగతులు మాత్రము అందఱికి నొక్కటియే. అవి యాఱు:

మొదటిది, పిలుచువారి పేరులు. రెండవది, వధువు పేరును, వరుని పేరును, వారి తల్లిదండ్రుల పేరులును. మూడవది, తేది, వారము, వేళ. నాల్గవది, స్థలము, అచటికి చేరు త్రోవ. ఐదవది, భోజనము వేళ. ఆఱవది, విచారించుటకు ఒక ఫోను సంఖ్య.

వీనిలో పేరులను గుఱించి రెండు మాటలు చెప్పవలసియున్నది. బడి దాఖలాలోను ఆధారు కార్డులోను పేరు ఎట్లున్నదో శుభలేఖలోను అట్లే యుండుట మేలు. ముద్దుపేరు వేయదలచినచో అసలు పేరు ప్రక్కన వేయవలెను. ఏలయన, ఆంధ్రప్రదేశమున వివాహమును తప్పక నమోదు చేయింపవలెనని 2002లో చట్టమేర్పడినది. రిజిస్ట్రారు కచేరికి దరఖాస్తు పెట్టునపుడు వయస్సు దాఖలాలతోను ఫోటోలతోను శుభలేఖను గూడ జతపఱచుట వాడుక. అచట 'సుబ్బమ్మ' యనియు, ఇచట 'సుబ్బలక్ష్మి' యనియు ఉన్నచో క్రొత్త దంపతులు ఒక చిన్న ముక్కకొఱకు కచేరి చుట్టును పలుమాఱు తిరుగవలసివచ్చును.

రెండవ మాట తల్లి పేరును గుఱించినది. తండ్రి గతించిన యింట పెదతండ్రియో మేనమామయో పిలుచువాడై, కన్నతల్లి పేరు శుభలేఖలో కనబడకుండుట నేటికిని అక్కడక్కడ జరుగుచున్నది. ఒంటిచేత బిడ్డను పెంచి, చదివించి, పెండ్లిచేయు తల్లి పేరు ఆ బిడ్డ శుభలేఖలో లేకుండుట న్యాయమా? తండ్రి పేరునకు ముందు 'కీ.శే.' యని చేర్చి, పిలుచువారిలో తల్లి పేరే మొదట వ్రాయుడు. ప్రతి వ్రాయు కలము మీ చేత నున్నపుడు ఈ సంగతి పెద్దలతో వినయముగా విన్నవింపుడు. అనేకులు మఱపువలన విడుతురు గాని ద్వేషమువలన గాదు.

పేరుల మాట వచ్చినది గనుక వయస్సు మాటయు చెప్పకతప్పదు. 1929 నాటి శారదా చట్టము వధువునకు 14 ఏండ్లును వరునకు 18 ఏండ్లును కనీస వయస్సుగా నిర్ణయించెను. నేడు అమలులోనున్న 2006 నాటి చట్టము ప్రకారము వధువునకు 18, వరునకు 21 ఏండ్లు నిండవలెను. హాజరు పట్టీలో నుండవలసిన పేరు తొందరపడి శుభలేఖమీది కెక్కరాదు. మీ స్నేహితురాలి విషయమున అట్టి యాపద కనబడినచో ఉపాధ్యాయులకు చెప్పుడు. 1098 అను బాలల సహాయ సంఖ్యకు ఫోను చేయుడు. అది చాడీ గాదు, ఉపకారము.

3. వేళ వ్రాయుటలో నొక పొరపాటు

మన పంచాంగమున దినము సూర్యోదయముతో నారంభమగును. గడియారపు దినము అర్ధరాత్రితో నారంభమగును. పగటి ముహూర్తములకు ఈ భేదమువలన చిక్కులేదు. అర్ధరాత్రికిని సూర్యోదయమునకును నడుమ వచ్చు ముహూర్తములతోనే చిక్కు. గురువారము రాత్రి గడచి 2 గంటల 48 నిమిషములకు ముహూర్తమున్నదనుకొనుడు. పంచాంగము ప్రకారము అది యింకను గురువారమే. గడియారము ప్రకారము శుక్రవారము. దీనిని స్పష్టముగా వ్రాయనిచో ఏమి జరుగునో నా అనుభవమునుండియే చెప్పెదను.

నేను తొమ్మిదవ తరగతి చదువుచుండగా మా యక్క పెండ్లి నిశ్చయమయ్యెను. నా వ్రాత గుండ్రముగా నుండునని మా తండ్రిగారు అచ్చునకు పంపు ప్రతిని నాచేతనే వ్రాయించిరి. లగ్నపత్రికలో గురువారమని యుండెను. నేను గడియారము లెక్క వేసి, అది శుక్రవారము గదా యని, నా తెలివికి నేనే మురిసి, 'శుక్రవారము రాత్రి 2 గం. 48 ని.లకు' అని వ్రాసితిని. వారము గడియారము లెక్క. 'రాత్రి' యనునది పంచాంగము లెక్క. రెంటిని కలిపి యొక తప్పు చేసితిని. అచ్చువారు ఉన్నది ఉన్నట్లు వేసిరి. ఇంటివారందఱికి దినము నోటనే తెలియును గనుక ఎవ్వరును కాగితమును పరికించి చూడలేదు.

మా మేనమామ ఆ దినములలో పులికాటు సరస్సునకు ఆవల ఉప్పు కొఠారులలో గుమాస్తాగా నుండెను. ఆయనకు ఒక్క దినమే సెలవు దొరకెను. టపాలో చేరిన శుభలేఖను చూచుకొని, శుక్రవారము సాయంకాలము, క్రొత్త పంచె కట్టి, చేత పూలబుట్టతో మా వాకిట బస్సు దిగెను. పందిట అప్పటికి అరటిపిలకలు వాడియుండెను. పెండ్లి తెల్లవారుజాముననే జరిగిపోయెను. పెండ్లికూతురును గంపలో కూర్చుండబెట్టి మండపమునకు తెచ్చు గౌరవము మేనమామది గదా! ఆయన రాకకై చూచి చూచి, ముహూర్తము మించునను భయమున, వరుసకు మామయగు వేఱొకరు ఆ గంప మోసిరి. మా మామ వాకిట నిలిచి, జేబులోనుండి శుభలేఖను తీసి, మా తండ్రిగారితో, "బావా! కాగితములో నున్నట్లే వచ్చితిని గదా!" అనెను. అంతకన్న నొక్కమాట అనలేదు. మా యమ్మ లోపలికి పోయి యేడ్చెను. నేను పందిటి గుంజ వెనుక నిలిచి ఆ కాగితమువైపు చూచుచుంటిని. అందున్న గుండ్రని యక్షరములు నావే.

ఆ దినమునుండి నేను నేర్చిన సూత్రమిది: నడిరేయి దాటిన ముహూర్తమును రెండు విధములను వ్రాయవలెను. 'గురువారము రాత్రి 2 గం. 48 ని.లకు, అనగా తెల్లవారితే శుక్రవారము' అని వారములు రెంటిని వ్రాసి, 'బంధువులు గురువారము సాయంకాలమునకే విచ్చేయ ప్రార్థన' యని చేర్చవలెను. అప్పుడు పంచాంగము చూచువాడును, గడియారము చూచువాడును ఒక్క వేళకే వచ్చును.

మాదిరికై యొక చిన్న ప్రతి:

'ఆర్యా! మా కుమార్తె (వధువు పేరు)ను, (ఊరు) వాస్తవ్యులగు (వరుని తల్లిదండ్రుల పేరులు) గార్ల కుమారుడగు (వరుని పేరు)నకిచ్చి వివాహము చేయ నిశ్చయించితిమి. ముహూర్తము: (తేది) గురువారము రాత్రి 2 గం. 48 ని.లకు, అనగా తెల్లవారితే శుక్రవారము. స్థలము: మా స్వగృహము, (వీథి, గ్రామము). తాము గురువారము సాయంకాలమునకే కుటుంబసమేతముగా విచ్చేసి, వధూవరుల నాశీర్వదించి, మా చందన తాంబూలములు స్వీకరింప ప్రార్థన.'

అచ్చునకు పంపుటకు ముందు ఈ ప్రతిని ఇద్దఱు చదువవలెను. ఒకరు లగ్నపత్రికను చేతబట్టి బిగ్గరగా చదువగా, మఱియొకరు ప్రతిని చూచుచు సరిపోల్చవలెను. అచ్చునుండి ప్రూఫు వచ్చినపుడు మరల నట్లే చేయవలెను. వ్రాసినవాని కన్ను తన తప్పును తాను చూడదు.

4. కాగితము నెన్నుకొనుట

కాగితపు కొలతలను తెలిసికొన్నచో ఖర్చును ముందుగనే లెక్కింపవచ్చును. 1922లో జర్మనీ దేశమున నేర్పడి, పిమ్మట లోకమెల్ల వ్యాపించిన కొలతలే నేడు మన యంగళ్లలోను వాడుకలో నున్నవి. అన్నిటికన్న పెద్దదియగు ఏ-0 కాగితము వైశాల్యము 1 చదరపు మీటరు. దానిని సగమునకు సగముగా నాలుగు మాఱులు విభజించిన ఏ-4 వచ్చును. అనగా ఏ-4 వైశాల్యము చదరపు మీటరులో 16వ వంతు. దాని కొలత 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడుగు. దానిలో సగము ఏ-5. అందులో సగము ఏ-6, అనగా 105 మి.మీ. వెడల్పును 148 మి.మీ. పొడుగును గల కార్డు.

ఒక ఏ-4 కాగితమునుండి ఏ-6 కొలతగల విడికార్డులు నాలుగు వచ్చును. మడతకార్డులైనచో రెండే వచ్చును. 200 పిలుపులకు విడికార్డులు చేయ 50 కాగితములు చాలును. మడతకార్డులకు 100 కావలెను. చెడిపోవు వానికై పదింట నొకటి అదనముగా కొనుట మంచిది. కావున మొదటిదానికి 55, రెండవదానికి 110 కాగితములు.

కాగితపు దళసరిని చదరపు మీటరునకు ఇన్ని గ్రాములని చెప్పుదురు. వ్రాతకాగితము 80 గ్రాములది యైనచో ఒక ఏ-4 కాగితము తూకము 80ని 16చే భాగింపగా 5 గ్రాములు. 240 గ్రాముల అట్టకాగితము 15 గ్రాములు తూగును. అందు సగముతో చేసిన మడతకార్డు ఏడున్నర గ్రాములే గనుక, కవరుతో గూడ టపాలో సాధారణపు జాబునకు తొలి హద్దగు 20 గ్రాములకు లోబడియే యుండును. నాలుగు పుటలును, పెట్టెయు, పట్టుదారమును, లోహపు బొమ్మయు గల శుభలేఖ ఆ హద్దును దాటుటయే గాక, మన యింటి పద్దునుగూడ దాటును. తళుకు పొరయు ప్లాస్టిక్కు పూతయు గల కార్డు పెండ్లియైన మఱునాడు చెత్తకుప్పలో చేరి, మట్టిలో కలియక యేండ్ల తరబడి నిలుచును. అప్పుచేసి కొనిన తళుకునకు వడ్డీ మాత్రము ప్రతి నెలయు వచ్చును. వేటకు పోయిన దినమే కూడు దొరకు ఇంటివారు ఈ మాటను మఱువరాదు.

మడత పెట్టుటలో నొక రహస్యము కలదు. యంత్రముపై తయారైన కాగితములో నారపోగులు మిక్కిలి పాలు ఒకే దిక్కునకు పఱచుకొని యుండును. కాగితమును నిలువునను అడ్డమునను మెల్లగా వంచి చూడుడు. ఏ వైపున సులభముగా వంగునో ఆ వంపు పోగునకు సమానాంతరముగా నున్నదన్నమాట. ఆ దిక్కుననే మడత పెట్టినచో మడత సూటిగా వచ్చును. అడ్డముగా పెట్టినచో అట్ట పగులును. మడతకు ముందు, రూలుకఱ్ఱ ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత యొత్తినచో మడత మఱింత చక్కగా నమరును.

మన తీరమున ఇంకొక జాగ్రత్త కావలెను. సముద్రపు గాలి తేమతో నిండియుండును. ఈశాన్య ఋతుపవనములు వీచు కార్తీక మార్గశిరములలో ఆ తేమ మఱింత హెచ్చు. కాగితపు నార ఆ తేమను పీల్చి యుబ్బును, అంచులు ముడుచుకొనును. కొన్న కాగితమును బట్టలో చుట్టి, పెట్టెలో పెట్టి, పైన బరువుంచుడు. చేతివ్రాత పనిని ఎండ కాసిన మధ్యాహ్నవేళ చేయుడు.

5. అక్షరములును అలంకరణమును

తెలుగు వ్రాతలో ఒత్తులు పంక్తికి క్రింద దిగును. గుడులును తలకట్లును పైకి లేచును. కావున ఇంగ్లీషు పంక్తులకన్న తెలుగు పంక్తులకు నడుమ ఎక్కువ చోటు విడువవలెను. లేనిచో పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడితో పెనగులాడును. కంప్యూటరుపై కూర్చువారికి నేడు అనేక తెలుగు లిపులు వెలలేకయే లభించుచున్నవి. చిత్రకారుడు బాపు గారి (1933-2014) చేతివ్రాత ననుసరించిన యక్షరములు తెలుగు శుభలేఖలపై మిక్కిలి ప్రసిద్ధములు. ఐనను ఒక కార్డులో రెండు రకముల అక్షరములకు మించి వాడరాదు. పేరులకొకటి, తక్కిన దానికొకటి చాలును. ముదుసలి కన్నులకు తేది, వేళ స్పష్టముగా కనబడవలెను.

అలంకరణమునకు బజారునకు పోనక్కఱలేదు. మన వాకిటనే ముగ్గు కలదు. ఐదు చుక్కల వరుసలు ఐదు పెట్టి, తల్లియో అవ్వయో వేయు మెలికల ముగ్గును పెన్సిలుతో కాగితముపై నెక్కింపుడు. గీతల వెంట సూదితో రంధ్రములు పొడువుడు. ఆ కాగితమును కార్డుపై నుంచి, బొగ్గుపొడి మూటతో మెల్లగా తట్టినచో చుక్కలు కార్డుమీదికి దిగును. వానిని సిరాతో కలిపినచో ఇన్నూఱు కార్డులకును ఒక్క తీరైన ముగ్గు వచ్చును. ఇది మీ యింటి ముగ్గు. ఇట్టిది వేఱొకరి శుభలేఖపై నుండదు.

మనకు పొరుగుననున్న శ్రీకాళహస్తి కలంకారి పనివారు ముందు నల్లని గీతను పూర్తిచేసి, పిమ్మటనే రంగులను నింపుదురు. పెడనలో కొయ్య అచ్చులతో నద్దుదురు. మొదటివారినుండి క్రమమును, రెండవవారినుండి అచ్చుపనిని మనము నేర్వవచ్చును. సగముగా కోసిన ఉర్లగడ్డపై మామిడిపిందె యాకారమును చెక్కి, రంగులో ముంచి యద్దినచో అదియే మన అచ్చు.

పసుపు పూయుట అలంకారమును శుభచిహ్నమును గూడ. పసుపును నీటిలో చిక్కగా కలిపినచో కార్డులు అంటుకొని చెడును. పలుచగా కలిపి, నాలుగు మూలలను వ్రేలితో తాకించి, నీడ నారనిచ్చి, పిమ్మటనే యొకదానిపై నొకటి పేర్చవలెను. ఎండలో నుంచిన పసుపు వెలయును. సున్నము తాకిన చేతితోగాని, సబ్బునీరు తడి యారని చేతితోగాని ముట్టినచో పసుపు ఎఱ్ఱనగును. క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబాఱుట సహజగుణము. రసాయనశాలలో పసుపు కాగితముతో క్షారమును పరీక్షించుటయు, పెండ్లిలో పసుపు సున్నము కలిపి ఎఱ్ఱని హారతినీళ్లు చేయుటయు ఒక్క సూత్రముమీదనే.

తాటియాకు మన తీరమున కొఱతలేనిది. లేతయాకును వెడల్పు సమముగా కోసి, చిటికెడు పసుపు వేసిన నీటిలో నుడికించి, నీడ నారవైచి, పుస్తకముల క్రింద వారము దినములుంచినచో చదునగును. దానిపై వధూవరుల పేరులు మాత్రము వ్రాసి, కార్డునకు దారముతో కట్టినచో పూర్వపు కమ్మయు నేటి కాగితమును చేయి కలిపినట్లుండును. ఇది పనితో కూడినది గనుక దగ్గఱి పెద్దలకు పదియో ఇరువదియో చేసిన చాలును.

6. పెండ్లియింటి తక్కిన కాగితములు

శుభలేఖతో కాగితపు పని ముగియదు. పందిటిలో కూర్చుండి వ్రాయు చదివింపుల పుస్తకము మిక్కిలి ముఖ్యమైనది. వరుస సంఖ్య, పేరు, ఊరు, చదివింపు, అను నాలుగు గడులు గీసి, పుటపుటకు మొత్తము వేయవలెను. రేపు వారి యింటి శుభకార్యమున మనము తిరిగి చదివింపవలసినపుడు ఈ పుస్తకమే మనకు జ్ఞాపకము. తొందరలో ఊరు పేరు విడిచినచో 'వేంకటయ్య' యనువారు పదుగురిలో ఎవరో తెలియదు. పదిరూపాయలు చదివించినవాని పేరును వేయి చదివించినవాని పేరును ఒకే కొలత యక్షరములతో వ్రాయుడు.

వరుని స్నేహితులు పద్యములు కట్టి, పంచరత్నములని పేరిడి, రంగు కాగితములపై అచ్చువేయించి పందిట చదివి పంచుట పూర్వము గొప్ప వాడుక. నేటికిని కొన్ని యిండ్లలో అట్టి కాగితము పటము కట్టబడి గోడకు వ్రేలాడుచుండును. ఈ వాడుకను మీరు తిరిగి నిలుపవచ్చును. పద్యము రానివారు నాలుగు మంచి మాటలు వచనమున వ్రాసినను చాలును. దేవాలయమున జరుగు పెండ్లికి పాటల కాగితము కావలెను. ఒక్క ఏ-4 కాగితమును నడిమికి మడిచిన నాలుగు పుటలగును. అందు ఆరాధన క్రమమును పాటల పల్లవులును ఇముడును. తాంబూలము పంచుటకు ప్లాస్టిక్కు సంచులకు మాఱుగా, పాత పటముల కాగితముతోనో గోధుమరంగు కాగితముతోనో సంచులు చేయవచ్చును. మైదాపిండి నుడికించిన జిగురు చాలును. పుస్తకములు కట్టువారు పురుగు పట్టకుండుటకై జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక పిల్లలు దానిని ముట్టరాదు. తాంబూలపు సంచికి అది యెంతమాత్రమును తగదు.

7. పంపుట, పిలుచుట

చిరునామాలో పేరు, తండ్రి పేరు లేక ఇంటి సంఖ్య, వీథి, గ్రామము, మండలము, జిల్లా, పిన్‌కోడు వరుసగా నుండవలెను. ఆఱంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15వ తేదిన ఏర్పడినది. మొదటి యంకె 5 అనగా తెలుగు రాష్ట్రములును కర్ణాటకమును గల మండలము. నెల్లూరి ప్రధాన తపాలా కచేరిది 524001. ఒక్క యంకె తప్పినను జాబు వేఱొక జిల్లాకు పోయి తిరిగివచ్చునప్పటికి పెండ్లి గడచిపోవును. ముందుగా బంధువుల పట్టికను ఒక నోటుపుస్తకమున వ్రాసి, పంపిన దానికెల్ల గుర్తు పెట్టుకొనుడు.

నేడు ఫోనులో పంపు శుభలేఖలును బయలుదేఱినవి. దూరదేశములలో నున్నవారికి అవి మేలైనవే. కాగితము ఖర్చును తగ్గును. ఐనను మన యిండ్లలో బొట్టు పెట్టి పిలుచుట యను మర్యాద యొకటి కలదు. గడపకు వచ్చి, పేరుపెట్టి పిలిచి, నొసట కుంకుమ యుంచిన పిలుపునకు కాగితముగాని ఫోనుగాని సాటిరాదు. శుభలేఖ ఆ పిలుపునకు గుర్తుగా మిగులును గాని బదులుగా నిలువదు. చదువురాని యవ్వకు శుభలేఖ చేతికిచ్చి వెడలిపోక, ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపుడు. తేదియు వేళయు రెండుమాఱులు చెప్పుడు.

మా మేనమామ ఆ శుభలేఖను చించివేయలేదు. ఆయన గతించిన పిమ్మట ఆయన పెట్టెలో అది నాకు దొరకెను. మూలల పసుపు వెలసియున్నది గాని అక్షరములు చెడలేదు, తప్పును చెడలేదు. ఇప్పుడు అది నా బల్లమీది నిఘంటువులో నున్నది. విద్యార్థు లెవరైనను శుభలేఖ ప్రతి దిద్దుమని నాయొద్దకు తెచ్చినపుడు మొదట దానిని వారి చేతికిచ్చి, తప్పెక్కడ నున్నదో చూపుమందును. తప్పు కనిపెట్టినవారి ప్రతినే పిమ్మట చదువుదును.

అభ్యాసములు

1. శనివారము రాత్రి గడచి 3 గంటల 15 నిమిషములకు ముహూర్తము. దీనిని శుభలేఖలో ఎట్లు వ్రాసెదరు? బంధువులను ఏ దినమున రమ్మందురు?

2. 350 మడతకార్డులు కావలెను. ఒక ఏ-4 కాగితమునుండి రెండు వచ్చును. పదింట నొకటి అదనముగా ఎన్ని కాగితములు కొనవలెను?

3. 160 గ్రాముల దళసరిగల ఏ-4 కాగితము తూకమెంత?

4. మీ యింటనున్న పాత శుభలేఖ నొకదానిని తెచ్చి, పైన చెప్పిన ఆఱు సంగతులలో ఏవి యున్నవో, ఏవి లేవో వ్రాయుడు. అందు వధువు తల్లి పేరున్నదా?

5. మీ యింటి వాకిట వేయు ముగ్గు నొకదానిని ఏ-6 కార్డు మూలలో ఇముడునట్లు గీయుడు.